పాఠకుల ప్రశ్నలు: తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ

ప్రశ్న: సండేస్కూలులో త్రిత్వం చెప్పేటప్పుడు నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి ఉదాహరణ వాడుతున్నాను. అది తప్పుడు బోధ అవుతుందని మా సంఘపెద్ద ఒకరు అన్నారు. ఎందుకు తప్పు? పిల్లలకు మరెలా చెప్పాలి?

జవాబు: మీ సంఘపెద్ద చెప్పింది సరైన మాటే. ఆ నీళ్లే గడ్డకడితే మంచు, మరిగితే ఆవిరి. మంచుగా ఉన్నంతసేపు అవి ఆవిరి కావు. దీన్ని దేవునికి అన్వయిస్తే ఒకే దేవుడు పాత నిబంధనలో తండ్రిగా, సువార్తల్లో కుమారుడిగా, పెంతెకొస్తు తరువాత ఆత్మగా రూపం మార్చుకుంటూ వచ్చాడని తేలుతుంది. సబెల్లియస్ పేరుతో నిలిచిపోయిన ఈ బోధను సంఘం మూడవ శతాబ్దంలోనే తోసిపుచ్చింది. ఇదే నిజమైతే గెత్సేమనే తోటలో యేసు ఎవరికి ప్రార్థించినట్టు?

గుడ్డు ఉదాహరణలో చిక్కు వేరు. పెంకు ఒక్కటే గుడ్డు కాదు, తెల్లసొన ఒక్కటే గుడ్డు కాదు. కానీ కుమారుడు దేవునిలో మూడో వంతు కాడు, సంపూర్ణంగా దేవుడు. సూర్యుడు, కిరణం పోలికను మాత్రం పూర్వపు సంఘపితరులు కూడా వాడారు. విశ్వాస ప్రమాణంలో ‘వెలుగు నుండి వెలుగు’ అనే మాట ఉంది. వాళ్లు దాన్ని ఒక్క సంగతి చెప్పడానికే వాడారు: సూర్యుడున్న క్షణం నుంచి వెలుగు ఉన్నట్టే తండ్రి ఉన్నప్పటి నుంచి కుమారుడు ఉన్నాడు. అంతకు మించి లాగితే కుమారుడు వట్టి ప్రభావంగా మిగిలిపోతాడు.

ఉదాహరణల బదులు ఏడు వాక్యాలు నేర్పండి. తండ్రి దేవుడు. కుమారుడు దేవుడు. పరిశుద్ధాత్మ దేవుడు. తండ్రి కుమారుడు కాడు. కుమారుడు పరిశుద్ధాత్మ కాడు. పరిశుద్ధాత్మ తండ్రి కాడు. దేవుడు ఒక్కడే. ఈ ఏడింటిలో ఏదైనా ఒకటి తీసేసి చూడండి, ఏ తప్పుడు బోధ ఎక్కడ పుట్టిందో కనిపిస్తుంది. రెండోది తీస్తే కుమారుడు సృష్టింపబడినవాడే అనే ఏరియస్ బోధ వస్తుంది. నాలుగు, అయిదు, ఆరు తీస్తే సబెల్లియస్ బోధ. చివరిది తీస్తే ముగ్గురు దేవుళ్లు. తప్పుడు బోధలు ఎక్కువగా లేనిది కల్పించడం వల్ల రాలేదు, ఉన్నదాంట్లో మింగుడుపడని వాక్యాన్ని వదిలేయడం వల్ల వచ్చాయి.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ వాక్యాలు కూడా అక్కర్లేదు. మత్తయి 3:16-17 చదివి యొర్దాను నదిలో యేసు బాప్తిస్మం చెప్పండి. నీళ్లలో నుంచి ఒడ్డుకు వస్తున్నది ఎవరు? పావురంలా దిగింది ఎవరు? ఆకాశం నుంచి మాట్లాడింది ఎవరు? ఈ మూడు ప్రశ్నలు చాలు. తరువాత ద్వితీయోపదేశకాండము 6:4 కంఠస్థం చేయించండి, దేవుడు ఒక్కడేనని నోటికి రావాలి. పదేళ్లు దాటినవారికి ఏడు వాక్యాలు చెప్పి, ఒక్కోదానికి ఒక్కో వచనం వాళ్ల చేతే వెతికించండి. ‘ఎలా సాధ్యం టీచర్?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. దేవుడు తన గురించి చెప్పుకున్నది ఇంతవరకే, ‘ఎలా’ అన్నది చెప్పలేదు అనండి. దానికి సిగ్గుపడి మళ్లీ మంచుగడ్డ దగ్గరకు వెళ్లకండి.

ప్రశ్న: త్రిత్వం బైబిల్లో లేదని, 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నైసియా సభలో దాన్ని బలవంతంగా పెట్టించాడని మా కాలేజీలో ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు: ముందు అతని మాటలో నిజమెంతో ఒప్పుకోండి. త్రిత్వము అనే పదం బైబిల్లో లేదు. సభను పిలిపించింది కాన్‌స్టాంటైనే. ఆ తరువాత లెక్క తప్పుతుంది.

నైసియాకు నూరేళ్ల ముందే, మూడవ శతాబ్దం తొలినాళ్లలో, ఉత్తర ఆఫ్రికాలో తెర్తుల్లియన్ ఆ పదాన్ని లాటిన్‌లో రాశాడు. అంతకుముందు, సుమారు 112లో, రోమా అధికారి ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవునిగా ఎంచి కీర్తన పాడుతున్నారని చెప్పాడు. ఆయన క్రైస్తవుడు కాడు, వాళ్లను విచారించి శిక్షించినవాడు. ఇంకా వెనక్కి వెళ్తే మత్తయి 28:19లో బాప్తిస్మపు మాట, 2 కొరింథీయులకు 13:14లోని ఆశీర్వాదం ఉన్నాయి. కొత్తగా చేరే ప్రతి విశ్వాసికీ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మమిస్తూ వచ్చిన సంఘానికి ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పదు: ముగ్గురి పేరు చెబుతూ దేవుడొక్కడే అనడం ఎలా?

నైసియాలో చర్చ ‘యేసు దేవుడా, మామూలు మనిషా’ అన్నది కానే కాదు. అలెగ్జాండ్రియాలో సంఘపెద్దగా ఉన్న ఏరియస్ కూడా కుమారుణ్ణి మిక్కిలి ఉన్నతుడనే అన్నాడు. కాకపోతే ఆయన సృష్టింపబడినవాడనీ, ఆయన లేని కాలం ఒకటి ఉండేదనీ బోధించాడు. సభ దానికి సమాధానంగా, కుమారుడు ‘సృష్టింపబడినవాడు కాడు, తండ్రితో ఏకతత్త్వము గలవాడు’ అని ప్రమాణంలో రాసింది. వచ్చిన బిషప్పులు 318 మంది అని సంప్రదాయం చెబుతుంది, అసలు సంఖ్య అంతకన్నా తక్కువ కావచ్చు.

చక్రవర్తి బలవంతం అన్న వాదనకు పెద్ద అడ్డంకి నైసియా తరువాతి చరిత్రే. కొన్నేళ్లకే కాన్‌స్టాంటైన్ ఏరియస్‌ను వెనక్కి రప్పించాడు. నైసియా మాట మీద నిలబడిన అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్‌ను 335లో దేశం వెళ్లగొట్టాడు. 337లో మరణశయ్య మీద తాను బాప్తిస్మం తీసుకున్నది ఏరియస్ పక్షంవాడైన నికొమేదియా యూసేబియస్ చేతనే. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ ఏలుబడిలో రాజ్యం అండ ఏరియస్ వైపువారికే ఉంది. అతనాసియస్ అయిదుసార్లు ప్రవాసం పోయాడు, అన్నీ కలిపితే సుమారు 17 ఏళ్లు. చక్రవర్తి రుద్దిన సిద్ధాంతమే అయితే దాన్ని పట్టుకున్నవాడికి ఆ గతి ఎందుకు పడుతుంది?

ఒక హెచ్చరిక. 1 యోహాను 5:7లో పరలోకమందు సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే వాక్యం కొన్ని పాత అనువాదాల్లో ఉంటుంది. దాన్ని వాదంలోకి తేకండి. అది ప్రాచీన గ్రీకు ప్రతుల్లో లేదు. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన పండితుడు ఎరాస్మస్ దాన్ని 1516, 1519 ముద్రణల్లో వేయలేదు, 1522లో ఒత్తిడి మీద చేర్చాడు. మీ మిత్రుడికి ఈ సంగతి తెలిస్తే మీరు చెప్పిన మిగతావన్నీ అనుమానంతో చూస్తాడు. ఆ వచనం లేకపోయినా సిద్ధాంతానికి లోటేమీ లేదు.

ప్రశ్న: ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ (యోహాను 14:28), ఆ దినం కుమారునికి కూడా తెలియదు (మార్కు 13:32) అని యేసే అన్నాడు కదా. ఇక సమానుడని ఎలా అంటాం?

జవాబు: ఒక్క వచనంతో తేల్చేయడం రెండు పక్షాలవారూ చేసే పొరపాటే. ‘నేనును తండ్రియును ఏకమై యున్నాము’ అని ఒకరు, ‘గొప్పవాడు’ అని మరొకరు వచనాలు విసురుకుంటే ఎవరూ గెలవరు. దీనికి పూర్వపు సంఘపితరుడు ఆగస్టీను ఒక చదివే పద్ధతి ఇచ్చాడు, ఇప్పటికీ అంతకన్నా మంచిది దొరకలేదని మా అభిప్రాయం.

క్రీస్తును గురించిన వచనాలను మూడు కుప్పలు చేయండి. మొదటి కుప్పలో ఆయన దేవునిగా కనిపించేవి: యోహాను 1:1, 20:28, హెబ్రీయులకు 1:3. రెండో కుప్పలో దాసుని స్వరూపం ధరించిన మనిషిగా కనిపించేవి: ఆకలి, అలసట, కన్నీళ్లు, ఆ దినం తెలియకపోవడం, తండ్రి గొప్పవాడన్న మాట. మూడో కుప్పలో ఆయన తండ్రి నుంచి వచ్చినవాడని చెప్పేవి: తండ్రి పంపాడు, తండ్రి ఇచ్చాడు, కుమారుడు తనంతట తాను ఏదీ చేయడు (యోహాను 5:19). మూడో కుప్ప తక్కువతనాన్ని చెప్పదు, ఎవరి నుంచి వచ్చాడో చెబుతుంది. అదే 5:19లో రెండో సగం చదవండి: తండ్రి వేటిని చేస్తాడో వాటినే కుమారుడూ చేస్తాడని ఉంది. సృష్టింపబడినవాడి గురించి అలా అనగలమా?

మొదటి రెండు కుప్పలు ఎందుకున్నాయో ఫిలిప్పీయులకు 2:6-8 చెబుతుంది. దేవుని స్వరూపం కలిగినవాడు తనను తాను రిక్తునిగా చేసుకుని దాసుని స్వరూపం ధరించాడు. ఆయన దైవత్వాన్ని పోగొట్టుకోలేదు, మానవత్వాన్ని తీసుకున్నాడు. 451లో కల్కెదోను సభ దీనికి నాలుగు కంచెలు వేసింది: ఒకే క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు రెండూ కలగాపులగం కాకుండా, మారకుండా, చీలకుండా, విడిపోకుండా ఉన్నాయి. నాలుగూ ‘కాకుండా’ అనే మాటలే. ఎలా కలిశాయో సభ వివరించలేదు, ఎలా అనకూడదో మాత్రం చెప్పింది. వివరించబోయినవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక కంచె దాటారు.

ప్రశ్న: ప్రార్థన తండ్రికి చేయాలా, యేసుకా, పరిశుద్ధాత్మకా?

జవాబు: మామూలు దారి ఎఫెసీయులకు 2:18లో ఉంది: కుమారుని ద్వారా, ఆత్మయందు, తండ్రి దగ్గరకు. ప్రభువు నేర్పిన ప్రార్థన తండ్రికే. అయితే యేసుకు ప్రార్థించడం తప్పు కాదు. స్తెఫను చనిపోతూ ‘యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొనుము’ అన్నాడు (అపొస్తలుల కార్యములు 7:59). ఆత్మను ఉద్దేశించిన ప్రార్థనలు, కీర్తనలు కూడా సంఘంలో ఎప్పటి నుంచో ఉన్నాయి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఒకే ప్రార్థనలో పేర్లు కలిపేయడంలో. ‘తండ్రీ, నీవు మా కోసం సిలువ మీద ప్రాణం పెట్టావు’ అని బహిరంగ ప్రార్థనల్లో తరచు వినబడుతుంది. ప్రార్థించేవారి ఉద్దేశం మంచిదే, మాట మాత్రం సరికాదు. సిలువ మీద చనిపోయింది తండ్రి కాడు. తండ్రే సిలువ శ్రమ పడ్డాడని బోధించిన ప్రక్సేయ అనేవాణ్ణి ఖండిస్తూ తెర్తుల్లియన్ ఒక గ్రంథమే రాశాడు. సంఘంలో ప్రార్థన నడిపించేవారు ఒక చిన్న అలవాటు చేసుకుంటే చాలు: ఎవరిని పిలిచి మొదలుపెట్టారో చివరిదాకా వారితోనే మాట్లాడాలి. ‘తండ్రీ’ అని మొదలుపెడితే ‘నీ కుమారుణ్ణి పంపావు, నీ ఆత్మను ఇచ్చావు, యేసు నామంలో అడుగుతున్నాం’ అని సాగాలి. వినేవారికి త్రిత్వం ప్రసంగం కన్నా ఇలాగే బాగా వంటబడుతుంది.

ప్రశ్న: దేవుడు మార్పులేనివాడు అంటారు. మరి ఆదికాండము 6:6లో మనుషులను చేసినందుకు సంతాపపడ్డాడని ఉంది. నీనెవె విషయంలో చేస్తానన్న కీడు చేయలేదు. ఇది మార్పు కాదా?

జవాబు: దీనికి మొదటి సమూయేలు 15వ అధ్యాయం తీయండి. 11వ వచనంలో సౌలును రాజుగా చేసినందుకు పశ్చాత్తాపపడుతున్నానని యెహోవా అంటాడు. 29వ వచనంలో ఆయన పశ్చాత్తాపపడడానికి మనిషి కాడని సమూయేలు అంటాడు. 35వ వచనంలో మళ్లీ పశ్చాత్తాపపడ్డాడని ఉంది. ఒకే అధ్యాయంలో, ఒకే కథలో. రాసినవాడు మరచిపోయి అలా రాశాడనుకోవడం కష్టం. రెండూ కలిపి చదవమనే రాశాడు.

మనిషి మనసు మార్చుకోవడానికి సాధారణంగా రెండు కారణాలు: ముందు తెలియనిది ఇప్పుడు తెలియడం, లేదా ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోవడం. 29వ వచనం దేవునిలో లేదంటున్నది ఆ రెండింటినే. 11, 35 వచనాలు చెబుతున్నది వేరు: సౌలు మారాడు కనుక సౌలు పట్ల దేవుని వ్యవహారం మారింది, అది దేవునికి బాధ కలిగించని సంగతి కాదు. యిర్మీయా 18:7-10లో దేవుడే ఈ నియమాన్ని బయటపెట్టాడు. ఒక జనాన్ని నాశనం చేస్తానన్నప్పుడు వాళ్లు చెడుతనం విడిస్తే ఆ కీడు చేయడు, మేలు చేస్తానన్నప్పుడు వాళ్లు చెడిపోతే ఆ మేలు చేయడు. నీనెవెకు అదే వర్తించింది. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసినవాడు యోనా. దేవుడు ఇలా కనికరిస్తాడని తెలిసే పారిపోయానని 4:2లో తానే ఒప్పుకున్నాడు.

దేవునికి బాధ ఉంటుందా అన్న దాని మీద పండితుల్లో భేదం ఉంది. బయటివారు ఏం చేసినా దేవుని స్వభావానికి హాని జరగదన్నది పూర్వపు బోధ. ఇరవయ్యో శతాబ్దంలో, యుద్ధాల తరువాత, దేవుడు తన ప్రజలతో కలిసి శ్రమపడతాడనే బోధ బలపడింది. మొదటిదాన్ని పూర్తిగా వదిలితే మనం దుఃఖపెడితే కుంగిపోయే దేవుడు మిగులుతాడు, అలాంటివాడు ఎవరికి ఆధారం? కాబట్టి పాత బోధనే మేము ఎంచుకుంటాం. అయితే కుమారుడు శరీరంలో నిజంగా శ్రమపడ్డాడన్నది మరవకూడదు.

ప్రశ్న: దగ్గరివారి ఇంట్లో చిన్నబిడ్డ చనిపోయింది. వచ్చినవాళ్లంతా ‘దేవుని చిత్తం’ అంటున్నారు. తల్లి ఆ మాటకు మరింత కుమిలిపోతోంది. ఇది సరైన మాటేనా? మేమేం చెప్పాలి?

జవాబు: ముందు చేయవలసినది చెబుతాం. యోబు స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు (యోబు 2:13). వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచిన తరువాత చెప్పినదానికి దేవుడు చివర్లో వాళ్ల మీద కోపగించుకున్నాడు. పాపం వల్లనే జరిగిందనే మాట అసలే వద్దు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు వాళ్లు అందరికన్నా ఎక్కువ అపరాధులా అని యేసు అడిగి, కాదన్నాడు (లూకా 13:4-5). ‘సమస్తం మేలుకే’ అని కూడా అనకండి. రోమీయులకు 8:28 జరిగిన ప్రతిదీ మేలే అనడం లేదు. దేవుని ప్రేమించేవారికి మేలు కలగడానికి సమస్తమూ సమకూడి జరుగుతాయంటోంది. మరణం బైబిల్లో మేలు కాదు, శత్రువు (1 కొరింథీయులకు 15:26). లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు, మరికొద్దిసేపట్లో అతణ్ణి లేపబోతున్నాడని తెలిసి కూడా.

ఇక సిద్ధాంతం. దేవుడు సృష్టించి ఊరుకోలేదు, లోకాన్ని ఇప్పుడూ పాలిస్తున్నాడు. వేదాంతులు ఈ పాలనలో మూడు పనులు చెబుతారు: ఉన్నదాన్ని ఉండేలా నిలపడం, జీవుల సొంత పనుల్లో వాటికి శక్తినిస్తూ తోడుండడం, అన్నిటినీ తాను అనుకున్న గమ్యానికి నడిపించడం. వీటిలో తోడుండడం దగ్గరే భేదాలు వస్తాయి. దేవుని సంకల్పానికి బయట ఏదీ జరగదని, అయినా పాపానికి కర్త ఆయన కాడని కాల్విన్ మార్గంవారు అంటారు. మనుషులకు నిజమైన స్వేచ్ఛనిచ్చి, కొన్నిటిని ఇష్టం లేకపోయినా జరగనిస్తాడని ఆర్మీనియస్ మార్గంవారు అంటారు. 1618-19లో డోర్ట్ సభ ప్రధానంగా కృప, రక్షణకు దేవుడు మనుషులను ఎన్నుకోవడం అనే విషయాల్లో ఆర్మీనియన్లను ఖండించినా ఆ వాదం నేటికీ నడుస్తోంది. రెండు పక్షాలూ ఒప్పుకునే చోటు ఆదికాండము 50:20: యోసేపు అన్నలు కీడు ఉద్దేశించారు, అదే పనిలో దేవుడు మేలు ఉద్దేశించాడు. కీడు కీడుగానే మిగిలింది, దానికి మేలని పేరు పెట్టలేదు. పైగా యోసేపు ఆ మాట అన్నది గుంటలో ఉన్నప్పుడు కాదు, ఏళ్లు గడిచాక. అన్నది కూడా బాధపడినవాడే, చూసినవాళ్లు కాదు. ఆ తల్లి ఎప్పటికైనా తానే అంటే వినండి. ఆమె బదులు మీరు అనకండి.

ప్రశ్న: కోపంతో ఉన్న తండ్రిని యేసు చనిపోయి శాంతింపజేశాడని ప్రసంగాల్లో చెబుతారు. తండ్రి కఠినుడు, కుమారుడు దయాళువు అన్నట్టుంది. ఇదేనా క్రైస్తవ బోధ?

జవాబు: కాదు. దేవుని ఉగ్రత నిజమే, పాపం పట్ల అది ఉంది. కానీ కుమారుణ్ణి పంపింది తండ్రే, పంపడానికి కారణం ఆయన ప్రేమే (యోహాను 3:16, 1 యోహాను 4:10). సిలువ వల్ల తండ్రి ప్రేమించడం మొదలుపెట్టలేదు, ప్రేమించాడు కనుకనే సిలువ. కుమారుడు కూడా బలవంతంగా రాలేదు, ‘ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను’ అన్నాడు (యోహాను 10:18). నిత్యుడైన ఆత్మ ద్వారా తన్ను తాను అర్పించుకున్నాడని హెబ్రీయులకు 9:14లో ఉంది. బయటికి కనబడే దేవుని ప్రతి పనిలోనూ ముగ్గురూ విడిపోకుండా పనిచేస్తారన్నది పాత నియమం. దీన్ని వదిలిన ప్రసంగంలో త్రిత్వం ఇద్దరు తగవులాడే మనుషులుగా మారిపోతుంది.

సిలువ ఎలా రక్షిస్తుందన్న దానికి సంఘం ఒకే వివరణను ప్రమాణంగా స్థిరపరచలేదు. మరణం మీద, సాతాను మీద క్రీస్తు విజయం అన్నది తొలి శతాబ్దాల్లో ప్రధానం. దేవుని ఘనతకు జరిగిన నష్టాన్ని తీర్చడమని 1098 ప్రాంతంలో ఆన్సెల్మ్ రాశాడు. మన శిక్షను ఆయన భరించాడన్నది సంస్కరణ కాలంలో గట్టిపడింది. ప్రేమను చూపి మనసు కరిగించడమని అబెలార్డు మాటల్లో ఉంది. చివరిది ఒంటరిగా సరిపోదు, మునిగిపోనివాడి కోసం నీళ్లలో దూకి చనిపోతే అది ప్రేమ ఎలా అవుతుంది? మిగతా మూడింటికీ వాక్యాధారం ఉంది.

ప్రశ్న: సర్వశక్తుడైన దేవుడు తాను ఎత్తలేని రాయిని చేయగలడా?

జవాబు: చేయలేడు. అందులో ఆయనకు నష్టమూ లేదు. ‘సర్వశక్తుడు ఎత్తలేని రాయి’ అన్నది వస్తువు కాదు, పొసగని మాటల కూర్పు. దేవుడు చేయలేనివి బైబిలే చెబుతుంది: అబద్ధమాడలేడు (హెబ్రీయులకు 6:18), తన స్వభావానికి విరోధంగా ఏదీ చేయలేడు (2 తిమోతి 2:13).

ప్రశ్న: పరిశుద్ధాత్మ అంటే దేవుని శక్తి మాత్రమే అని కొందరంటారు. మరి విశ్వాస ప్రమాణంలో ‘తండ్రి నుండి’ అని కొన్ని సంఘాల్లో, ‘తండ్రి నుండియు కుమారుని నుండియు’ అని కొన్నిటిలో ఎందుకుంది?

జవాబు: శక్తికి అబద్ధం చెప్పలేం. అననీయ పరిశుద్ధాత్మతో అబద్ధమాడాడని పేతురు అన్నాడు, వెంటనే అది దేవునితో ఆడినట్టేనన్నాడు (అపొస్తలుల కార్యములు 5:3-4). ఆత్మ మాట్లాడతాడు, పనికి పిలుస్తాడు (13:2), దుఃఖపడతాడు (ఎఫెసీయులకు 4:30), విజ్ఞాపన చేస్తాడు (రోమీయులకు 8:26). సుమారు 375లో కైసరయ బిషప్పు బాసిల్ ఆరాధనలో ‘తండ్రికి, కుమారునితోను పరిశుద్ధాత్మతోను మహిమ’ అని వాడితే కొందరు అభ్యంతరపెట్టారు. ఆయన సమాధానంగా ఒక గ్రంథం రాశాడు. బాప్తిస్మంలో ముగ్గురినీ ఒక వరుసన పలికి, స్తుతిలో ఒకరిని తగ్గించడమేమిటన్నది అందులో ఆయన ప్రధాన వాదన. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ అదే దారిన వెళ్లి, ఆత్మ ‘ప్రభువు, జీవమిచ్చువాడు’, తండ్రి కుమారులతో కూడ ఆరాధింపబడేవాడు అని ప్రకటించింది.

ఆ ప్రమాణంలో మొదట ఉన్నది ‘తండ్రి నుండి బయలుదేరువాడు’ అనే, యోహాను 15:26 ప్రకారం. ‘కుమారుని నుండియు’ అన్నది పశ్చిమ సంఘాల్లో తరువాత చేరింది, రోములో 1014లో ఆరాధనలోకి వచ్చింది. ఆత్మను కుమారుడు కూడా పంపుతాడు కనుక (యోహాను 16:7) తప్పులేదని పశ్చిమం అంటుంది. తండ్రి ఒక్కడే మూలమనీ, అందరూ కూడి ఒప్పుకున్న ప్రమాణాన్ని ఒక పక్షం మార్చకూడదనీ తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు అంటాయి. 1054 చీలికలో ఇదొక కారణం. 1439లో ఫ్లోరెన్సులో రాజీ సంతకాలు జరిగినా తూర్పు ప్రజలు ఒప్పుకోలేదు. కాథలిక్కులూ, ప్రమాణం చదివే ప్రొటెస్టెంట్లలో ఎక్కువమందీ పశ్చిమ పాఠమే చదువుతారు. మీరు ఏ సంఘంలో ఉంటే అక్కడి పాఠం చదవండి, రెండోది వినబడితే కంగారు పడనక్కర్లేదు. ఆత్మ దేవుడని రెండు పక్షాలూ ఒకే గొంతుతో చెబుతున్నాయి.